వంద రూపాయల కోత

ఏడేళ్ల పాటు లోక్‌సభలో వినిపించిన కొన్ని మాటలు దిల్‌సుఖ్‌నగర్‌లో నా జాబ్ టైపింగ్ షాపులో పుట్టాయంటే ఎవరూ నమ్మరు. మా ఆయనే నమ్మలేదు. "రెజ్యూమ్‌లు కొట్టుకునేదానివి, నీకు బడ్జెట్టెందుకే" అని నవ్వాడు. ఆయన నవ్వుకేం గానీ, ఆ మాటలు రాసిన మనిషి పేరు ఇన్నేళ్లలో ఎక్కడా ఎవరూ వెయ్యలేదు. ఆ మంట నాకింకా చల్లారలేదు. అందుకే రాస్తున్నాను.

ఆయన పేరు సిద్ధిరాములు. మెయిన్ రోడ్డు మీద ఒక చీరల షోరూమ్‌లో సేల్స్‌మన్. పోచంపల్లి పక్క ఊరు వాళ్లది. మగ్గం గిట్టుబాటు కాక, నలభై దాటాక నగరానికొచ్చి, ఒకప్పుడు తను నేసిన చీరల్నే కొనేవాళ్లకు విప్పి చూపించే పనిలో చేరారు. ఎల్బీనగర్ రింగ్ రోడ్డు వెనక రెండు గదుల కిరాయి ఇల్లు. కూతురికి పెళ్లయిపోయింది. ఇంట్లో ఆయన, భార్య రాజేశ్వరమ్మ, అంతే.

ఈయనకూ ఢిల్లీకీ చుట్టరికం కలిసింది ఒక పెళ్లి చీరల బేరంలో. వాళ్ల వైపు ఎంపీ గోపయ్య గారు కూతురి పెళ్లికి చీరలు కొనడానికి షోరూమ్‌కి వచ్చారు. ధర చూసి ముఖం మాడ్చుకున్నారు. "సార్, గీ ధర మా సేటు పెట్టిండనుకుంటున్నరా? నూలు పెట్టింది" అని సిద్ధిరాములు గారు మొదలుపెట్టి, మిల్లులో నూలు దగ్గర్నుంచి రంగులు, అప్పు, వడ్డీ, పన్ను దాకా అరగంట చెప్పారట. ఆడవాళ్లు చీరలు ఏరుకుంటున్నంత సేపూ ఎంపీ గారు స్టూలు మీద కూర్చుని విన్నారు. లేస్తూ, "గిదంతా కాయితం మీద రాసిస్తవా?" అన్నారు.

"రాస్తా సార్. కని ఆడ చదువుతరా?"

అంత మాట ఎంపీని అడిగే సేల్స్‌మన్ ఎక్కడుంటాడు! ఆ సాయంత్రమే ఆయన నాలుగు కాగితాలు పట్టుకుని కోచింగ్ సెంటర్ల సందులో ఉన్న నా షాపుకు వచ్చారు. ఇంగ్లీషులో పెట్టి టైపు చెయ్యాలి. నేను బెజవాడలో బీకాం చదివి, పెళ్లయి ఇక్కడికి వచ్చినదాన్ని. హాల్‌టికెట్లు, అద్దె అగ్రిమెంట్లు కొట్టి కొట్టి విసుగెత్తి ఉన్నాను. నా చదువు చూపించుకునే అవకాశం దొరికిందని పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు దట్టించాను.

ఆయన ఒక మాట మీద వేలు పెట్టి, "అమ్మా, దీని మతలబేంది?" అన్నారు.

"ఏమోనండీ, గంభీరంగా ఉంటుందని పెట్టాను."

"మీకే సమజ్ గాకుంటె మంత్రికెట్ల సమజైతది?"

ఒళ్లు మండింది. కానీ తీసేశాను. ఆ తరవాత ఏడేళ్లు మేమిద్దరం పోట్లాడుకుంటూనే పనిచేశాం. ఒక్కసారి కూడా ఆయన నాతో గొంతు పెంచలేదు. పెంచిందంతా నేనే.

ఆయన రాసే పద్ధతి నేనింకెక్కడా చూడలేదు. చిన్న పార్టీ ఎంపీకి బడ్జెట్ మీద మాట్లాడటానికి నాలుగు నిమిషాలు దొరికితే ఎక్కువ. తరవాత గంట కొట్టి కూర్చోబెట్టేస్తారు. అందుకని ఈయన ఉపన్యాసాన్ని గ్రాఫ్ కాగితం మీద రాసేవారు. ఒక్కో గడి పది సెకన్లు. పోచంపల్లి చీర అట్లాగే వేస్తారట. మగ్గం ఎక్కక ముందే డిజైన్ అంతా గళ్ల కాగితం మీద గీసుకుని, ఏ పోగు ఎక్కడ ఏ రంగు తాగాలో లెక్క చూసి, నూలుకు ముళ్లు కట్టి రంగులో ముంచుతారు. మగ్గం ఎక్కాక దిద్దుకోవడం కుదరదు. "సభల గూడ గంతే గదమ్మా. లేసి నిలబడ్డంక ఆలోచిస్తనంటె గంట కొడ్తరు" అనేవారు. ముఖ్యమైన మాట మొదటి ఆరు గళ్లలో ఉండాలి. మంత్రిని పొగిడే మాటకు ఒక్క గడి కూడా ఇచ్చేవారు కాదు.

మొదటి ఏడు గోపయ్య గారు మూడు వాక్యాలు చదివారు. సిద్ధిరాములు గారు ఆ సాయంత్రం వేడి వేడి మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుని వచ్చారు. రెండో ఏడు సగం పేజీ. నూలు పన్ను, సొసైటీల వడ్డీ, రంగుల ధర, చిన్న దుకాణాల మీద సర్వీస్ టాక్స్, ఇట్లా ఏటా ఒకటి. పోను పోను ఆర్థిక బిల్లు మీద చర్చ వస్తే మంత్రి కూడా గోపయ్య గారి వైపు చూసే స్థాయి వచ్చింది. ఒక పేపరు ఆయన్ని ఆర్థిక విషయాల మీద పట్టున్న సభ్యుడని రాసింది. సిద్ధిరాములు గారు ఆ ముక్క కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగారు.

"మీ పేరేదండీ ఇందులో?" అన్నాను.

"చీర మీద నేసినోని పేరుంటదా అమ్మా?"

"ఉండాలి" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

అప్పటికి తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. బంద్ అంటే మా సందులో షట్టర్లన్నీ దిగిపోయేవి. కోస్తా నుంచి వచ్చినవాళ్లం కాబట్టి నేను అందరికంటే ముందే దించేదాన్ని, సగం వరకు. ఆయన ఆ సగం షట్టర్ కింద నుంచి వంగి లోపలికొచ్చి, "జై తెలంగాణ లలితమ్మా, ఏమంటరు?" అని నవ్వేవారు. కొత్తపేటలో రిలే దీక్షలో పొద్దంతా కూర్చుని, మెడలో గులాబీ కండువాతోనే వచ్చి నాచేత టైపు చేయించుకున్న రోజులున్నాయి. రాజేశ్వరమ్మ ఎల్బీనగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద బతుకమ్మ ఆడి పోలీసు వ్యాను కూడా ఎక్కిందట. నాకు భయంగా ఉండేది, ఆ మాట ఆయనతో చెప్పాను కూడా. "మీకేమన్న అయితె నేను లేనా?" అన్నారు. ఆయన ఉన్నారు. ఆ ధైర్యంతోనే షట్టర్ సగం తెరిచి ఉంచేదాన్ని.

2012 వేసవిలో ఒకరోజు ఆయన ఆలస్యంగా వచ్చారు. ఎందుకండీ అంటే, "ఆమెకు జడేసి వచ్చేటాలకు లేటయింది" అన్నారు. నేను తెల్లబోయాను. రాజేశ్వరమ్మ కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదట. పొద్దున్నే దువ్వెన పట్టుకుని ఆయనే తల దువ్వుతారట, పదేళ్లుగా.

"భుజానికి ఏమైందండీ?"

"ఆసు పోసి పోసి అరిగిపోయిందమ్మా."

ఆసు అంటే ఏమిటో అప్పుడు చెప్పారు. ముళ్లు కట్టే ముందు నూలును వరసగా నాటిన మేకుల చుట్టూ ఒక్కో పోగే తిప్పుకుంటూ పోవాలి. చెయ్యి ఇటున్న ఒంటి మేకు నుంచి అటున్న వరసకు, మళ్లీ ఇటు. ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు. అది ఆడవాళ్ల పని. రాజేశ్వరమ్మ పదమూడో ఏట మొదలుపెట్టి ముప్పై రెండేళ్లు పోసింది.

"ఏడేళ్లుగా నూలు మీద రాస్తున్నాం కదా. ఇది ఒక్కసారి కూడా రాయలేదేం?"

ఆయన నా వంక వింతగా చూశారు. "అది ఇంటిపని గద అమ్మా. సర్వేకు వచ్చినాయన గూడ మగ్గం ఎవరెక్కుతరని అడిగిండు, నా పేరు రాసుకున్నడు. ఆమెది ఇల్లాలని రాసుకున్నడు. నేతోళ్ల కార్డు నాకొచ్చింది."

"మీరేం అనలేదా?"

"నాకు తప్పనిపిస్తె గద, అననీకి."

ఆ రోజు నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. మంత్రికి లెక్కలు నేర్పే మనిషివి, నీ ఇంట్లో లెక్క తప్పావని మాత్రం గట్టిగానే అన్నాను. ఆయన లేచి వెళ్లిపోయారు. వారం రోజులు రాలేదు. నోటికి అదుపు లేదని నన్ను నేనే తిట్టుకున్నాను. ఎనిమిదో రోజు గ్రాఫ్ కాగితంతో వచ్చారు. మొదటి ఆరు గళ్లలోనూ ఆసు.

కానీ ఆ ఏడు మామూలు చర్చలో గోపయ్య గారికి వంతు రాలేదు. జౌళి శాఖ పద్దు మీద కోత తీర్మానం పెడితే మాట్లాడే అవకాశం రావచ్చని ఢిల్లీలో ఎవరో సలహా ఇచ్చారు. కోత తీర్మానం అంటే, ఈ శాఖకు అడిగిన డబ్బులో వంద రూపాయలు తగ్గించండని నోటీసు ఇవ్వడం. వంద తగ్గితే ఎవరికీ ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. ఒక బాధ చెప్పుకోవడానికి సభలో అదొక ఆచారం. "ఆసు పోసే ఆడవాళ్లను నేతపనివాళ్లుగా గుర్తించకపోవడం గురించి" అని కారణం రాసి నోటీసు ఇచ్చేశారు.

దానితో వచ్చిందండీ తంటా. ఒక పేపరు జిల్లా పేజీలో రెండు లైన్లు వేసింది: జౌళి పద్దులో వంద రూపాయలు తగ్గించాలని ఎంపీ గోపయ్య తీర్మానం. కారణం వెయ్యలేదు. ఎల్బీనగర్‌లో ఉన్న నేత కుటుంబాల సంఘానికి అధ్యక్షుడు దశరథ, దారాల వ్యాపారం చేస్తాడు. ఆ పేపరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. "కోట్లు తెమ్మని పంపితె మనోడే మన పైసలు కొయ్యమంటున్నడు!" అని మండిపడ్డాడు. ఊరికే తిడితే ఏం బాగుంటుందని, నలభై మూడు కుటుంబాల చేత తలా వంద రూపాయలు ఢిల్లీకి, ఎంపీ గారి పేరు మీద మనీఆర్డర్ చేయించాడు. ఫారం మీద అందరిదీ ఒకటే మాట: మాది కొయ్యకు, గిదిగో నీ వంద.

నలభై మూడింటిలో ఒకటి రాజేశ్వరమ్మది. పాపం, తీర్మానం తన గురించేనని ఆమెకు తెలియదు. తెల్లవారి అన్నం వడ్డిస్తూ, "నేను గూడ వంద గొట్టిన వాని మొఖాన" అని మొగుడితో గొప్పగా చెప్పిందట. ఈయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు. రాసింది నేనేనని ఒప్పుకున్నారు. ఎందుకో చెప్పబోతే ఆమె వినలేదు, రెండు రోజులు మాట్లాడలేదు. తల దువ్వడానికీ ఒప్పుకోలేదు, పక్కింటావిడ చేత వేయించుకుంది. ఆయనకు ఆ రెండో దెబ్బే గట్టిగా తగిలింది.

మూడో రోజు పొద్దున బతిమాలి, బామాలి ఆమెను నా షాపుకు తీసుకొచ్చారు. అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు. బక్కపల్చని మనిషి, కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. కుర్చీలో కూర్చుని, "చదువమ్మా, ఏం రాసిండో వింట" అంది. నేను ఇంగ్లీషు కాగితం తీసి తెలుగులో చెప్పాను. తొమ్మిది వేల సార్లు అన్న చోట ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"గిది చెప్పనీకి వంద గొయ్యమనుడు ఎందుకు?" అంది కాసేపటికి.

సిద్ధిరాములు గారు నెమ్మదిగా చెప్పారు. "పెండ్లిల బావ అలిగి ఇస్తరాకు ముందటికెల్లి లేస్తడు సూడు. అన్నం వద్దనా? ఏమాయె బావా అని అందరు అడగాలెనని. గిది గూడ గంతే రాజేశ్వరీ."

ఆమె నవ్వింది. ఆయన ముఖంలో అప్పటికి రక్తం కనిపించింది. సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది. ఢిల్లీ నుంచి గోపయ్య గారు. ఆమె కూడా వినాలని స్పీకర్ పెట్టారు.

"సిద్ధిరాములూ, మన పద్దు పన్నెండు గంటలకు ఒస్తది. కని మా తెలంగాణ ఎంపీలందరు ఇయ్యాల సభను నడవనియ్యొద్దని అనుకున్నరు. అందరు స్పీకర్ ముందట వెల్‌లకు పోతున్నరు. నేను పోతె తీర్మానం పోతది. పోకుంటె రేపు ఊర్లె మొఖమెట్ల సూపియ్యాలె? నువ్వే చెప్పు."

ఒక పక్క సిద్ధిరాములు గారు కొత్తపేటలో ఎండలో కూర్చున్న తెలంగాణ, ఇంకో పక్క ముప్పై రెండేళ్లు అరిగిన ఆ భుజం. ఆయన ఫోను భార్య చేతిలో పెట్టేశారు. ఎంపీతో ఏం మాట్లాడాలో అని ఆమె ఏమీ తడబడలేదు.

"సారూ, ఆడికి పోయి ఏమంటరు?"

"జై తెలంగాణ అంటమమ్మా."

"ఎందరుంటరు?"

"పది, పదకొండు మందిమి."

"మరి ఆసు అనెటోళ్లు ఎందరున్నరు ఆడ?"

"నేనొక్కన్నేనమ్మా."

"అయితె నువ్వు నీ జాగల్నే ఉండు సారూ. తెలంగాణ ఎట్లయిన ఒస్తది. ఇది నువ్వనకుంటె ఎవరనరు."

"నన్ను తిడ్తరమ్మా."

"తిడితె నా పేరు చెప్పు."

నేనైతే ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. ఎందుకేడుస్తున్నావమ్మా అని ఆమే నన్ను ఓదార్చింది.

పన్నెండింటికి ముగ్గురం పక్కనున్న హాస్టల్ మెస్‌లో టీవీ ముందు కూర్చున్నాం. వెల్‌లో ప్లకార్డులు, నినాదాలు. వెనక వరసలో గోపయ్య గారు ఒక్కరే తన సీటు దగ్గర నిలబడి ఉన్నారు. పెదవులు కదులుతున్నాయి, ఒక్క ముక్క వినపడదు. సొంత మనుషులే వెనక్కి తిరిగి ఆయన్ని రమ్మని చేతులూపుతున్నారు. గట్టిగా ఒక నిమిషం గడిచిందో లేదో, సభ వాయిదా పడింది. మర్నాడు పద్దులన్నీ చర్చ లేకుండా ఒక్కసారిగా ఆమోదించేశారు. తీర్మానం అలా కొట్టుకుపోయింది.

సాయంత్రానికి ఎల్బీనగర్ అంతా ఒకటే మాట, గోపయ్య ద్రోహి అని. మాటలు రాసిచ్చేది సిద్ధిరాములని, వాటిని ఆంధ్రావిడ టైపు చేస్తుందని కూడా దశరథకు ఎవరో చేరవేశారు. ఆదివారం సంఘం మీటింగ్‌కి వచ్చి సంజాయిషీ చెప్పమని కబురు. ఊళ్లో ఉన్నప్పటి నుంచీ చావుకీ పెళ్లికీ కలిసి నడిచిన మనుషులు ఎదురుపడితే తల తిప్పుకుంటున్నారని ఆయన చెప్పారు.

శనివారం నాకు లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఆ రోజు చర్చ దొరికింది. ఆ గొడవలో కూడా గోపయ్య గారి మాటలు నాలుగు వాక్యాలు ఎక్కాయి. ప్రింటు తీసి సిద్ధిరాములు గారికి చదివాను. ఆయన రెండోసారి చదవమన్నారు. విని, "మొదటి మాట నేను రాసింది గాదమ్మా" అన్నారు. కళ్లనిండా నీళ్లు, ముఖమంతా నవ్వు.

ఆదివారం నేనూ వెళ్లాను. మా ఆయన వద్దన్నాడు. కమ్యూనిటీ హాల్లో మగవాళ్లు కుర్చీల్లో, ఆడవాళ్లు ముందు జంపఖానా మీద. నన్ను చూసి వెనక నుంచి ఎవరో, "గీ ఆంధ్రామెకు ఈడేం పని?" అన్నారు. రాజేశ్వరమ్మ వెనక్కి తిరిగి, "నేను పిలిచిన. చదవనియ్యి" అంది.

చదివాను. "అధ్యక్షా, ఇక్కడ తెలంగాణ అనేవాళ్లు పదిమంది ఉన్నారు, ఆసు అనేవాడివి నువ్వొక్కడివే అని ఈ ఉదయం ఒకామె నాతో చెప్పింది. అందుకే నా సీట్లో ఉన్నాను. ఒక చీరకు ఆమె తొమ్మిది వేల సార్లు చెయ్యి తిప్పుతుంది. మీ లెక్కల్లో ఆమెను ఇల్లాలని రాసుకున్నారు." ఆ తరవాత బ్రాకెట్లో అంతరాయం అని ఉంది.

హాల్లో కొంచెం సద్దుమణిగింది గానీ దశరథ లేచాడు. "సరే, మంచి మాటలే. కని దీనికోసం ఉద్యమాన్ని ఇడిసిపెట్టి కూసుంటరా? మన ఇండ్లల్ల ఆడోళ్లు ఎన్నడు పనికి పోలే. మా అమ్మ గూడ ఇంట్లనే ఉండె. గది పనని ఎవలన్నరు?"

"నేనన్న" అని రాజేశ్వరమ్మ లేచింది. "సారును కూసోమన్నది గూడ నేనే. తిట్టేదుంటె నన్ను తిట్టుండ్రి, మా ఆయనను గాదు." మగవాళ్ల వైపు ఇక చూడలేదు. జంపఖానా మీదున్న ఆడవాళ్ల వైపు తిరిగింది. "ఆసు పోసినోళ్లు చెయ్యి లేపుండ్రి" అంది.

ముందు ఒకటి, తరవాత రెండు, పది, ఇరవై, జంపఖానా అంతా చేతులే. నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. లేచినవన్నీ ఎడమ చేతులు. ముందు వరసలో గోడకానుకుని కూర్చున్న ముసలామె, దశరథ వాళ్లమ్మ, కొడుకు వైపే చూస్తూ ఎడమ చెయ్యి ఎత్తి పట్టుకుంది.

దశరథ చేతిలో మైకు అలాగే ఉంది. ఆమె చెయ్యి దించకముందే అతను దాన్ని కట్టేసి పక్కన పెట్టాడు.